ఎడమచేతి దండ

1926 అక్టోబరు 2, శనివారం

రోజూ నాలుగు వాక్యాలైనా రాసుకోమని మిస్ పెరీరా చెప్పారు. ఇంగ్లీషులో రాయమన్నారు. నేను తెలుగులో రాస్తున్నాను. ఇంగ్లీషులో నాకు కోపం సరిగ్గా రాదు.

నిన్న క్లాసులో ఆవిడ ఇంగ్లీషు వాళ్ళ సీమ నుంచి వచ్చిన ఒక పత్రిక చదివి వినిపించారు. ఇంటికీ తోటకీ ఫెయిరీలను రప్పించుకోవడం ఎలాగో అందులో ఉంది. జానెడు కూడా ఉండరట. తూనీగ రెక్కలట. వాళ్ళకి చిన్న ఇల్లు కట్టి తూర్పు వాకిలి పెట్టాలి. లోపల మెత్తటి గుడ్డ పరచి, నీళ్ళు పోసిన మూకుడూ, తళతళలాడేది ఏదైనా ఒకటీ ఉంచాలి. వాళ్ళని తేరిపార చూడకూడదు. వచ్చారని గొప్పలు చెప్పుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, అసూయ ఉన్నవాళ్ళ ఇంటి గడప వాళ్ళు తొక్కరట. ఎవరి తోటకి ఫెయిరీలు వస్తే వాళ్ళ చేత బహుమతుల రోజున వ్యాసం చదివిస్తానన్నారు మిస్. అందరం నవ్వాం. నేను నవ్వుతూనే అన్నీ రాసుకున్నాను.

ఫెయిరీకి తెలుగు ఏమిటి? దేవకన్య అంటే మరీ పెద్ద మనిషి, పెట్టెలో పట్టదు. యక్షిణి అంటే అమ్మ దిష్టి తీస్తుంది. చివరికి నేనే ఒక మాట కట్టాను: తోటకన్నె. ఇవాళంతా ఆ మాటని బెల్లం ముక్కలా బుగ్గన పెట్టుకుని తిరిగాను.

ఓడరేవులో దొరగారు నాన్నకిచ్చిన సిగారు పెట్టె అడిగి తీసుకున్నాను. పెరట్లో దడిని ఆనుకున్న జామచెట్టు కింది కొమ్మల మధ్య కట్టాను. తూర్పు వాకిలి అంటే పక్కింటి బర్మా ముసలావిడ డో సెయిన్ గారి దడి వైపు తిరిగి ఉంటుంది. కట్టక తప్పలేదు. నా తెల్ల చేతిరుమాలు పరిచాను. అద్దం పెంకు పెట్టాను. పత్రికలో చెప్పిన పూలేవీ ఈ బర్మాలో, మా మింగళ తౌంగ్‌న్యున్ పేటలో దొరకవు కనుక మల్లెలు పెట్టాను.

అక్కని అప్పా అని పిలిచే రామలక్ష్మి వెనకే నిలబడి అడిగింది. "అప్పా, ఇందులోకి ఎవులొస్తారు?"

"నీకు తెలీదులే," అన్నాను.

దాన్ని గురించి ఇక్కడ రాయకూడదు అనుకున్నాను. అప్పుడే రాసేశాను.

అక్టోబరు 3

ఎవరూ రాలేదు.

అక్టోబరు 5

ఎవరూ రాలేదు. చీమలు వచ్చాయి.

అక్టోబరు 7, గురువారం

సాయంత్రం దేవుడికి దండలు కట్టాం. నేనొకటి, రామలక్ష్మి ఒకటి. నాదే పొడుగు. పువ్వుకీ పువ్వుకీ సందు కనపడదు. అమ్మ రెండూ చూసి రామలక్ష్మిది తీసుకెళ్ళి దేవుడి పటానికి వేసింది.

"నాదో?"

"నీది ఎడంసేతి ముడి కాదేటే? సూడు, నార అటు తిరిగిపోనాది. దేవుడికి పనికిరాదు. తల్లో పెట్టుకో."

నాది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినడం నేర్పారు, రాయడం కుడిచేత్తో నేర్పారు, పూలు మాత్రం నా ఎడమచెయ్యి ఎవరి మాటా వినదు. అమ్మకి ఇది పధ్నాలుగేళ్ళుగా తెలుసు. ఇంతకుముందు మాత్రం నాదే దేవుడికి వేసేది. వేరే దండ లేదు కనుక.

రామలక్ష్మి వచ్చి నాలుగు నెలలయింది. మా సూరమ్మ పిన్ని కూతురు. పిన్ని విశాఖపట్నంలో జ్వరంతో పోయింది. వాళ్ళ నాన్న కలప పని మీద అడవుల్లో తిరుగుతాడు, పిల్లని ఉంచుకోలేడు. అందుకని ఓడ ఎక్కించి మా దగ్గరికి పంపారు. తొమ్మిదేళ్ళు. నా మంచం మీదే పడుకుంటుంది. నిద్రలో తంతుంది. అమ్మ లేని పిల్ల కనుక నేను ఏమీ అనను. ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఈ రోజు మాట: ఓర్వలేనితనం. ఊరికే, మాట బాగుందని రాశాను.

అక్టోబరు 9

బడి నుంచి వచ్చేసరికి నా పెట్టెలో వేరే కాపురం ఉంది. చిటికెడు పసుపు, రెండు గాజు ముక్కలు, చిన్న ఎర్ర గుడ్డ. నా చేతిరుమాలు మడిచి పక్కన పెట్టి ఉంది. అది కూడా చక్కగా మడిచింది, తిట్టడానికి వీల్లేకుండా.

"ఎవరు పెట్టమన్నారే?"

"మా అమ్మ సీర కొంగు, అప్పా. తెలుపు మీద ఎవులు కూసుంటారు? మాసిపోదేటి?"

తీసెయ్యమనబోయాను. వంటింటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది.

అక్టోబరు 10, ఆదివారం

వచ్చారు.

పొద్దున పెట్టె ముందు నేరేడు చిగుళ్ళలాంటి లేత ఎర్ర ఆకుల రెమ్మ నిలబెట్టి ఉంది. గుప్పెడు పేలాలు. ఒక చిన్న అరటిపండు. రాత్రి అవేవీ లేవు. దడికి ఇవతల అడుగుజాడ కూడా లేదు, నేను వంగి చూశాను.

అది ఎర్ర గుడ్డ పెట్టిన మర్నాడే. నా తెల్ల గుడ్డ వారం రోజులు ఉంది.

రామలక్ష్మి అరటిపండు నాకు సగం పెట్టింది. తినలేదు. తర్వాత తిన్నాను.

అక్టోబరు 12

రోజూ వస్తున్నారు. అమ్మకి తెలిసిపోయింది. తోటకన్నెలని నేను చెప్పబోయాను. అమ్మ వినలేదు. పేలాలు చేతిలోకి తీసుకుని అక్కడే కూలబడిపోయింది.

"ఓలమ్మో, మా సెల్లికి పేలాలంటే పేనం. దాని సీర ముక్క పెట్టీసరికి వచ్చీసినాది. పేరంటాలైపోనాదే, తాయారూ!"

పేరంటాలు: ముత్తయిదువగా పోయి ఇంటికి దేవత అయిన ఆడమనిషి. అమ్మ వాళ్ళ వైపు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. ఆవిడకి పసుపూ కుంకం పెట్టి, ఏడాదికొక కొత్త బట్ట పెడతారు. ఆవిడ ఏ చోట కూర్చుంటే ఆ ఇల్లు చల్లగా ఉంటుందట. మిస్ పెరీరాకి ఇది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియలేదు. చెప్పలేదు.

పెట్టె నాది. చెట్టుకి కట్టింది నేను. రాసుకొచ్చింది నేను. వచ్చింది దాని అమ్మ.

అక్టోబరు 14

అన్నాల దగ్గర నాన్న మౌల్మేన్ ఊరి సంగతి ఎత్తారు. అక్కడ రామలక్ష్మి చిన్నాన్న గోపాలం ఉన్నాడు. పిల్లని తన దగ్గరికి పంపమని కబురు చేశాడట. ఇల్లు పెద్దది, ఆడపిల్లలున్నారు, తోడుగా ఉంటుంది. దీపావళికి వచ్చి తీసుకుపోతాడట.

నేను మజ్జిగ పోసుకుంటున్నాను. చెయ్యి ఆగిపోయింది. సంతోషంతో కాదు.

అమ్మ అంది, "దాని తల్లి ఈ పెరట్లో కూసుంటే పిల్లని ఊరు దాటిస్తారేటి? పేరంటాలు ఊరుకుంటాదేటి?"

నాన్న నవ్వారు. "నీ సెల్లి విశాపట్నం నుంచి టిక్కెట్టు లేకుండా వచ్చీసినాదా? ఓడ కంపినీవోడు ఊరుకున్నాడేటి?" తర్వాత అమ్మ మొహం చూసి నవ్వు ఆపారు. "సర్లే. అమావాస్య దాకా సూద్దాం. ఆవిడ ఇక్కడే ఉన్నాదంటే గోపాలానికి నాను సెప్పుకుంటాను. నేదంటే మాత్రం పంపీడమే. మన రెండు గదుల్లో ఎంతమందిమని?"

రెండు గదులన్న మాట నిజమే. నేను అనలేదు, నాన్నే అన్నారు.

అక్టోబరు 17

దీపావళికి నాకని కొన్న గులాబీ రంగు మాండలే పట్టు. అమ్మ దాన్ని బట్టల పెట్టెలోంచి తీసి, పసుపు బొట్టు పెట్టి, పేరంటాలికని పక్కన పెట్టింది. పేరంటాలికి పెట్టిన బట్ట తర్వాత ఆవిడ కడుపున పుట్టిన ఆడపిల్ల కట్టుకోవాలట.

"నీకు మళ్ళీ కొంటాను కదే."

సరే అన్నాను. నిజంగానే సరే. గులాబీ రంగు నాకు మొదటి నుంచీ అంత ఇష్టం లేదు.

మాటలు: ఈర్ష్య, మాత్సర్యం, కడుపుమంట. మూడూ ఒకటి కావు. ఈర్ష్య అంటే చదువుకున్నవాళ్ళ మాటలా ఉంది. కడుపుమంట అంటే ఎక్కడ మండుతుందో వేలు పెట్టి చూపించినట్టుంది.

అక్టోబరు 20, బుధవారం

తెలిసిపోయింది.

తెల్లవారుతుండగా నీళ్ళకని లేచాను. దడి సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. గాజుల్లేని, ముడతలు పడిన చెయ్యి. పాత రెమ్మ తీసేసి కొత్త రెమ్మ పెట్టింది. పేలాలు పోసింది. తర్వాత రెండు చేతులూ కనపడ్డాయి, జోడించి.

"డో సెయిన్!" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడలేదు. బర్మా మాటలో సగం, మా మాటలో సగం కలిపి చెప్పింది. ఎర్ర గుడ్డ కట్టారు కదా, మీ ఇంట్లో కూడా నత్‌ని పెట్టారనుకున్నాను, అంది. వాళ్ళ ఇంట్లో స్తంభానికి కొబ్బరికాయ వేలాడుతూ ఉంటుంది, ఎర్ర గుడ్డ చుట్టి. అందులో ఇంటిని కాపాడే దేవత, నత్, ఉంటాడు. మా పెట్టె వాకిలి సరిగ్గా ఆవిడ ఇంటి వైపు ఉంది.

"మా వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను పూలు పెట్టకపోతే నా కాళ్ళనొప్పులు తగ్గనిస్తాడా? మీ అమ్మ మంచిదే గానీ నత్‌ల సంగతి తెలియదు పాపం. ఈ ఎర్ర చిగుళ్ళ తబ్యే రెమ్మ పెట్టాలని కూడా తెలియదు."

అంటే తోటకన్నెలూ లేరు, పిన్నీ లేదు. కాళ్ళనొప్పులు ఉన్నాయి.

ఇంట్లోకి వచ్చాను. అమ్మ రామలక్ష్మికి జడ వేస్తోంది. పాయ పాయకీ మా పిన్ని పేరు చెబుతోంది. ఒక్క మాట అంటే చాలు.

అక్టోబరు 21, పౌర్ణమి

బర్మా వాళ్ళ దీపాల పండుగ. వీధంతా కొవ్వొత్తులు. డో సెయిన్ ఎవరూ లేనప్పుడు మా పెట్టె ముందు కూడా ఒకటి వెలిగించింది. అమ్మ దాన్ని చూసి ఏడ్చింది.

చెప్పలేదు. పండుగ రోజున చెప్పడం బాగుండదు.

అక్టోబరు 24

చెప్పలేదు. నేను మంచిదాన్ని కనుక.

అక్టోబరు 27

రామలక్ష్మి ఇవాళ కూడా దండ కట్టింది. ఇవాళ కూడా దానిదే వేసింది అమ్మ. మిస్ పెరీరా అడిగారు, "ఫెయిరీలు వచ్చారా, తాయారు?" రాలేదని చెప్పాను. వెనక బెంచీలో ఎవరో నవ్వారు.

దీపావళి రోజునే చెబుతాను, గోపాలం చిన్నాన్న ఎదురుగా. అందరూ ఉంటారు కనుక ఒక్కసారే చెప్పవచ్చు. అంతకు మించి కారణం ఏమీ లేదు.

అక్టోబరు 31, ఆదివారం

డో సెయిన్ దడి దగ్గరికి పిలిచింది. పెగూలో కూతురు నీళ్ళాడబోతోందట. ఇవాళ బండికి పోయి వచ్చే ఆదివారం వస్తుంది.

"నేను వచ్చేదాకా మీ నత్‌కి నువ్వు పెడతావా, మ తాయా? మరిచిపోయామనుకుంటే వెళ్ళిపోతాడు."

తాయారు ఆవిడ నోట్లో మ తాయా అవుతుంది. తల ఊపాను. తల ఊపడం మాట ఇచ్చినట్టు కాదు. మాట అంటే నోటితో చెప్పేది.

నవంబరు 1

పెట్టె ముందు నిన్నటి రెమ్మే ఉంది. వాడింది.

నేను ఏ పాపమూ చెయ్యలేదు. ఏమీ చెయ్యలేదు. ఇప్పుడు చెప్పవలసిన పని కూడా లేదు.

నవంబరు 2

అమ్మ పొద్దున మూడుసార్లు పెరట్లోకి వెళ్ళింది. పసుపు మార్చింది. పేలాలు తనే వేయించి పెట్టింది. చీమలు తిన్నాయి.

"మనమేటైనా తప్పు సేసినామేటే? పట్టు బట్ట ముందే సూపించీసినానని కోపమొచ్చిందేటి?"

"నాకేం తెలుసమ్మా," అన్నాను.

నవంబరు 3, బుధవారం

గోపాలం చిన్నాన్న రేపు సాయంత్రం బండికి దిగుతాడు.

అమ్మ ఇవాళ పెరట్లోకి వెళ్ళలేదు. వంటింట్లో ముక్కు చీదుకుంటూ మౌల్మేన్‌కి అరిసెలు వండింది. "ఎల్లిపోనాది. పిల్లని ఒగ్గీమనే గావాల. ఎవులి బిడ్డని ఎవులు ఆపుతారు?" అని పొయ్యితో చెప్పింది. నాకు మొదటి అరిసె ఇచ్చింది. రామలక్ష్మి వచ్చాక మొదటిది నాకివ్వడం ఇదే. ఉప్పు ఉప్పుగా ఉంది, అమ్మ ఎలా వండిందో ఏమో.

రామలక్ష్మి పెట్టెలోంచి ఎర్ర గుడ్డ తీసి మడుస్తోంది. మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"ఇది పట్టుకెల్తే మా అమ్మకి తెలుస్తాదా, అప్పా?"

"ఏం తెలుస్తుంది?"

"దారి. విశాపట్నం నుంచి ఇక్కడికంటే ఓడొకటే. నానెక్కిన ఓడ మా అమ్మ సూసింది, ఎనకాలే వచ్చీసింది. మౌల్మేన్‌కి రైలు, మళ్ళీ పడవ అంట. మా అమ్మ రైలెప్పుడూ ఎక్కలేదు."

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, ఊరుకో అని ఉండేదాన్ని. లెక్క చెబుతున్నట్టు చెప్పి గుడ్డని సంచిలో పెట్టుకుంది. నేను లోపలికి వచ్చి భూగోళం పుస్తకం తీశాను. మౌల్మేన్ ఎక్కడుందో నాకు తెలుసు. అయినా చూశాను.

నవంబరు 4, గురువారం

నాన్నతో పబేడాన్ బజారుకి వెళ్ళాను, టపాకాయలకీ నూనెకీ. జనంలో నాన్న చెయ్యి పట్టుకునే నడిచాను. తబ్యే రెమ్మలు అమ్మే ముసలమ్మ దగ్గర అయిపోయాయి. "రేపు రా," అంది. రేపు అంటే ఆలస్యం. పక్కనే మల్లెలు విడిగా అమ్ముతున్నారు. పూలూ అరటినారా కొన్నాను. పేలాలు కూడా.

"ఇన్ని పూలెందుకే?" అన్నారు నాన్న.

"దీపావళి కదా."

ఎందుకు కొన్నానో రాయడం లేదు. రామలక్ష్మి కోసం మాత్రం కాదు. అమ్మ అరిసెల పాకం పాడుచేస్తోంది, అందుకు.

గుర్రబ్బండిలో నాన్న టపాకాయల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కునుకు తీశారు. నేను వీధులు చూస్తూ కూర్చున్నాను. ఇల్లు వచ్చాక చూసుకుంటే ఒళ్ళో దండ తయారై ఉంది. చేతులు వాటంతట అవే కట్టేశాయి. విడిపూలు ఒక్కటి కూడా మిగల్లేదు.

గోపాలం చిన్నాన్న వచ్చాడు. మంచివాడే. రామలక్ష్మికి రంగుల రిబ్బను తెచ్చాడు. నాకూ తెచ్చాడు, అదే రంగు.

నవంబరు 5, శుక్రవారం, దీపావళి

అందరికంటే ముందు లేచి, రామలక్ష్మి సంచిలోంచి ఎర్ర గుడ్డ తీసుకెళ్ళి పెట్టెలో పరిచాను. పేలాలు పోశాను. దండ పెట్టాను. వచ్చి మళ్ళీ పడుకున్నాను. రామలక్ష్మి తన్నింది.

అమ్మ కేకకి లేచాం. అందరూ పెరట్లోకి పరిగెత్తారు. నాన్న, గోపాలం చిన్నాన్న, నేను. నేను ఆఖరున.

అమ్మ దండ చేతిలో పట్టుకుని ఉంది. మొహం వెలిగిపోతోంది. దండని ఇటు తిప్పింది. అటు తిప్పింది. నార మీద బొటనవేలు వేసి, ఒక ముడి దగ్గర ఆగింది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. అప్పటిదాకా గుర్తు రాలేదు. ప్రమాణపూర్తిగా రాలేదు.

అమ్మ మొహం లోపల ఏదో ఆరిపోయింది. నా వైపు చూసింది. చాలాసేపు చూసింది. నేను జామచెట్టు వైపు చూశాను.

"ఏటొదినా?" అన్నాడు గోపాలం చిన్నాన్న.

"ఏటేటి బాబూ? కనపడ్డం లేదేటి?" అమ్మ గొంతు సవరించుకుంది. "మీ వొదిన తెల్లారకుండా వచ్చీసినాది. దండ కూడా కట్టుకొచ్చింది. ఇంక నీ ఇష్టం."

ఆయన చెప్పులు విప్పి చెట్టుకి దణ్ణం పెట్టాడు. "పేరంటాలు కూసున్న సోటి నుంచి పిల్లని కదిపీడానికి నాకెన్ని గుండెలు? ఒగ్గీ, వొదినా. ఇక్కడే ఉండనీ." నిన్న బండిలో నా ఒళ్ళో పూలు నాన్న చూశారు. మీసం దువ్వుకుని, "మరి ఈసారి టిక్కెట్టు కొన్నట్టే ఉంది," అన్నారు.

ముందు నాకు తలంటింది అమ్మ. ఎప్పుడూ చిన్నది కనుక రామలక్ష్మికి ముందు. నూనె మర్దన చేస్తూ నా ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. నార కోసిన వేళ్ళకి పసుపు రాసింది.

"ఇన్నాళ్ళూ నువ్వేనేటే?" అంది, నాకు మాత్రమే వినపడేటట్టు. "ఆ పేలాలూ, ఆ దీపం, అన్నీ? ఆ గుంటపిల్ల కోసం?"

కాదని చెప్పాలి. డో సెయిన్ అని చెప్పాలి. నోరు తెరిచాను. నూనె పెదవి మీదికి జారింది. మూసుకున్నాను.

స్నానం చేసి వచ్చేసరికి నా దండ దేవుడి పటానికి ఉంది. పక్కన రామలక్ష్మి దండ లేదు. దాన్ని కట్టమనే అనలేదట అమ్మ.

గులాబీ పట్టు కట్టుకుని రామలక్ష్మి నా దగ్గరికి వచ్చింది. పటం వైపు చూసింది, తర్వాత నా పసుపు వేళ్ళ వైపు. చెవిలో చెప్పింది.

"అప్పా, మా అమ్మది కుడిసెయ్యి వాటమే."

"నోర్ముయ్యి," అన్నాను.

నవ్వుతూ పారిపోయింది.

మిస్ పెరీరాకి వ్యాసం ఇవ్వను. గొప్పలు చెప్పుకోకూడదు కదా. డో సెయిన్ ఆదివారం వస్తుంది. రోజూ పెట్టావా అని అడుగుతుంది. తల ఊపుతాను.

ఆ గులాబీ రంగు నాకంటే దానికే బాగుంది. ఇది ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.